నోరు మెదపని వేషం

కుళ్ళాయప్పకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్లుగా గద భుజాన వేసుకుని స్టేజీ అదిరేట్టు గర్జించిన మనిషి. గుమ్మఘట్ట చుట్టుపక్కల పదూళ్లలో ఆ గొంతు ఎరగనివాళ్లు లేరు. అలాంటివాడికి హైస్కూలు సైన్సు నాటకంలో సువార్త టీచరమ్మ ఇచ్చిన వేషం న్యూట్రాన్!

“ప్లస్సూ కాదు, మైనస్సూ కాదు. మాట లేదు, పద్యం లేదు. ఊర్లో నేను తలెత్తుకోని తిరగల్లా వద్దా మేడమ్?”

“పరమాణువు నడిమధ్యన నిలబడేది నువ్వే అన్నా. రెండో న్యూట్రాన్ నేనే. ఇద్దరం నోరు మెదపం” అంది టీచరమ్మ.

ప్రోటాన్ వేషాలు కుళ్ళాయప్ప నాటకాల జట్టులోని బయ్యన్నకూ నల్లప్పకూ దక్కాయి. ఇద్దరివీ పక్కపక్క చేలు. బయ్యన్న కొత్త బోరు వేసిన వారానికే నల్లప్ప బోరు ఎండిపోయింది. అప్పట్నుంచీ ఉప్పూ నిప్పే. ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయని టీచరమ్మ చెబితే, వీళ్లకు రిహార్సలెందుకని ఊరు నవ్వింది.

నాటకం రోజు రానే వచ్చింది. ఎలక్ట్రాన్లుగా ఇద్దరు తొమ్మిదో తరగతి అమ్మాయిలు మైదానం అంచున చుట్టూ పరుగెడుతున్నారు. నడుమ న్యూట్రాన్ల పక్కన ప్రోటాన్లు. మొదట ఆటగానే తోసుకున్నారు. కానీ జనాన్ని చూశాక నాటకాల మనిషి ఊరుకుంటాడా? నల్లప్ప మీసం దువ్వి రాగం ఎత్తుకున్నాడు. బయ్యన్న తొడ కొట్టాడు.

“నా బోరు ఎండబెట్టినోడివి, నాకే తొడ కొడతాండావా?”

“భూమి లోపలి నీళ్ల మీద నీ పేరు రాసి ఉండాదా?”

చొక్కాలు పట్టుకున్నారు. కుళ్ళాయప్ప గొంతు దురద పెట్టింది. ఇప్పుడొక్క గర్జన చాలు, మైదానమంతా ఈలలే. కానీ ఒప్పుకున్న వేషం ఒప్పుకున్నదే. గుటక మింగి, ఇద్దరి మధ్యకు దూరి, చెరో భుజం మీద చెయ్యేసి దగ్గరికి అదిమి పట్టాడు.

రెండో న్యూట్రానుకు నోరు విప్పక తప్పలేదు. “చూసినారా పిల్లలూ? ఒకటంటే ఒకటి పడనివాటిని చెదిరిపోకుండా పట్టేది ఈ న్యూట్రానే!”

గింజుకుని గింజుకుని ముందు నల్లప్పకు నవ్వొచ్చింది. ఆ నవ్వు బయ్యన్నకు అంటుకుంది.

పరుగాపిన ఎలక్ట్రాన్ పిల్ల రొప్పుతూ అడిగింది. “మేడమ్, ఆ న్యూట్రాన్ ఆడినుంచి పోతే?”

టీచరమ్మ జవాబు చెప్పేలోపే బయ్యన్న కుళ్ళాయప్ప నడుం చుట్టేశాడు. “యాడికి పోతాడు పాపా? మేం పోనిస్తామా?”

నల్లప్ప అటుపక్క నుంచి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కుళ్ళాయప్ప ఎన్ని ఈలలు వినలేదు! పోవద్దని పట్టుకున్నవాళ్లు మాత్రం ఇన్నేళ్లలో లేరు. సంతోషంతో నిండిన కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి కదిలే సందు దొరకలేదు.