మాణిక్యం కార్డుకు పెట్టిన క్లిప్పు

నేను ఒక టేకు పెట్టెను. అలాంటి ఇలాంటి పెట్టెను కాను. రెండు సొరుగులు, ఇత్తడి పిడులు, లోపల వరసగా అరలు. ఇప్పుడు కాకినాడలో ఒక పాత సామాన్ల కొట్లో, కాలు విరిగిన బల్ల మీద కూర్చున్నానని చిన్నచూపు చూడకండి. నా సొరుగు లాగనిదే ఈ ఊళ్ళో పెళ్ళిమాట కదలని రోజులుండేవి.

నన్ను చేయించింది సర్వేశం మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక రామారావుపేటలో రెండు గదులు తీసుకుని, పెళ్ళి సంబంధాలూ ఉద్యోగాలూ చూసిపెట్టే బ్యూరో తెరిచారు. "రెండూ ఒకే పెట్టెలో ఏంటండీ?" అని వడ్రంగి నవ్వితే, "రెండూ ఒకటే లెక్కయ్యా. ఇటు నచ్చాలి, అటు నచ్చాలి" అన్నారు. ఎడమ సొరుగు పెళ్ళిళ్ళకు, కుడి సొరుగు కొలువులకు ఇచ్చారు.

మాస్టారి పద్ధతి మాస్టారిది. మగపిల్లవాడు కార్డులు చూసి, నచ్చిన అమ్మాయిల నంబర్లు మూడు వరసగా తన కార్డు మీద రాయాలి. మొదటి నంబరు ఇంటికి కబురు వెళ్తుంది. వాళ్ళు ఊఁ అంటే ఆ అమ్మాయి కార్డుకు ఒక క్లిప్పు పెడతారు. క్లిప్పు ఉన్న కార్డు ఇంకెవరికీ చూపించరు. ఎవరైనా అడిగినా ఆ సంగతి అమ్మాయి చెవిన వెయ్యరు, కుదరబోయే సంబంధం చెడకూడదని. ఆడపిల్లలు మాత్రం ఏ నంబరూ రాయకూడదు. అడిగేదాకా ఆగాలి. కుడి సొరుగులో పనివాళ్ళ గతీ అంతే. షావుకార్లు అడగాలి, వీళ్ళు కూర్చోవాలి. మనుషులు దీన్ని పద్ధతి అంటారు. నేను పెట్టెను, నాకేం తెలుస్తుంది.

కార్డులన్నీ రాసేది మాణిక్యం. ముప్పై రెండేళ్ళ మనిషి, అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. ఊళ్ళోవాళ్ళందరి పెళ్ళిళ్ళూ ఆ చేతి మీదుగా అయిపోయాయి. తన కార్డు, 214, నా ఎడమ సొరుగులో అంచులు పసుపెక్కుతూ ఉండిపోయింది.

అప్పుడొచ్చాడు భగవాన్. లేత్ మిషన్ మీద పనివాడు, పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. ప్రతి మంగళవారం వచ్చి "ఏమైనా వచ్చిందాండీ?" అనేవాడు. ఏమీ రాలేదని తెలిసినా అరగంట కూర్చునేవాడు. బిగుసుకుపోయిన నా సొరుగులకు కొవ్వొత్తి రుద్ది, వెన్నలా జారేలా చేసింది అతనే. ఆ చేతులంటే నాకూ ఇష్టమే, ఎందుకు దాచాలి. మాణిక్యం మంగళవారం పొద్దున్నే కుడి సొరుగు తీసి అతని కార్డు ఊరికే చూసి పెట్టేసేది.

ఒకరోజు పిఠాపురం నుంచి రెండో పెళ్ళివాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. తన కార్డు ఎక్కడ అడుగుతారోనని ఆమె భయం. మాస్టారు చూడకుండా 214కి తనే క్లిప్పు పెట్టేసుకుంది. భగవాన్ అడిగే రోజుకు ఆ చోటు ఖాళీగా ఉండాలని, అప్పుడు తనే తీసెయ్యొచ్చని, అంతే.

అతను అడిగాడు. ఆమె పోస్టాఫీసుకు వెళ్ళిన మధ్యాహ్నం, సంబంధాల కార్డు మీద, క్లిప్పు పడకముందు చూసిన ఆమె నంబరు ఒక్కటే రాసి మాస్టారి ముందు పెట్టి, తలొంచుకుని నిలబడ్డాడు.

మాస్టారు నా సొరుగు లాగి చూశారు. ఎవరి తరఫున ఆమె ఇంటికి కబురు పంపించారో గుర్తు రాలేదు గానీ, క్లిప్పు కళ్ళెదుట ఉంది. "మాటలు నడుస్తున్నట్టున్నాయి బాబూ. ఇంకో రెండు నంబర్లు రాయి."

"వద్దులెండి" అన్నాడు భగవాన్.

నాకు నోరుంటే అరిచేదాన్ని. మాస్టారు నియమం తప్పే మనిషి కాదు, మాణిక్యంతో ఆ ఊసే ఎత్తలేదు.

తర్వాతి మంగళవారం రూర్కెలా నుంచి భగవాన్‌కు పిలుపొచ్చింది. "వెళ్ళిపోమంటారాండీ?" అని అడిగాడు ఆమెను.

ఆమె నా పిడి వంకే చూస్తూ, "మంచి ఉద్యోగం కదండీ. వెళ్ళండి" అంది. వెళ్ళొద్దని చెప్పడానికి తనెవరని ఆమె బాధ. వెళ్ళమంటుంటే ఇంకెందుకు ఉండాలని అతని బాధ. ఇద్దరి మధ్యా నేనున్నాను, కదలని పెట్టెను.

ఏడాది తర్వాత అరలు సర్దుతుంటే అతని సంబంధాల కార్డు ఆమె చేతికొచ్చింది. మూడు గీతల్లో రెండు ఖాళీ. మొదటి దాని మీద 214. ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. ఆ రోజే ఉత్తరం రాసింది, దాచుకోకుండా అంతా రాసింది. పన్నెండో రోజున జవాబొచ్చింది. "మీకు కుదిరిందనుకున్నానండి. మొన్న మాఘంలో నాకు ఇక్కడే పెళ్ళయింది. మీరు బాగుండాలి." అంతే ఉంది.

మూడోరోజు మాణిక్యం మాస్టారి ఎదురుగా నిలబడి అడిగింది.

"మాస్టారూ, ముందు ఆడపిల్లల చేత నంబర్లు రాయిస్తే ఏమయ్యేది?"

"వాళ్ళకి ఇంకా మంచి సంబంధాలు దక్కేవి. ముందు అడిగే పక్షానికే మేలు. ఎన్నిసార్లు వేసినా అదే లెక్క తేలుతుందమ్మా."

"మీకిది ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎవరూ అడగలేదమ్మా" అన్నారు.

మాణిక్యం నా ఎడమ సొరుగు నెమ్మదిగా మూసింది. చాలాసేపు దాని పిడి మీంచి చెయ్యి తియ్యలేదు.