మెరిసే బూట్లు

అమెరికాలోని మోంటానాలో, స్కూళ్లలో కాల్పుల గురించి పెట్టిన మా ఊరి స్కూల్ బోర్డు మీటింగులో నేనూ నా తమ్ముడు రాయిస్ కొట్టుకోవడమొక్కటే తక్కువ.

"టీచర్ల చేతికి తుపాకులివ్వండి, ఏ వెధవ లోపలికొస్తాడో చూద్దాం!" అన్నాడు వాడు.

"ముందు నీ ట్రక్కులో ఉన్న తుపాకీకి తాళం వెయ్యరా!" అన్నాను.

అంతలో కరెంటు పోయింది. ఎక్కడో కుర్చీ దబ్బున పడింది. పెద్దవాళ్లంతా కెవ్వుమన్నారు.

ఫోన్ వెలుగులో చూస్తే, రాయిస్ కూతురు, ఆరేళ్ల డెల్ఫీన్, బల్ల కింద నక్కి ఉంది. అడుగేస్తే మెరిసే బూట్లు విప్పేసి కోటులో చుడుతోంది.

"ఏమైందే తల్లీ?" అంటూ రాయిస్ వంగాడు.

అది వాడి నోరు మూసింది. "అరవకు నాన్నా! బూట్లు మెరిస్తే తుపాకీవాడికి కనపడిపోతాం."

కరెంటొచ్చింది. డెల్ఫీన్ మాత్రం కదల్లేదు.

"స్కూల్లో దాక్కునే డ్రిల్లులో టీచర్ చెప్పింది. పోలీసు వచ్చి చెప్పేదాకా, నాన్న పిలిచినా రాకూడదట," అంది నాన్నతోనే.