బెల్లం పర్వాలేదన్నాను

మా అమ్మ దేముడమ్మకి రెండేళ్లుగా అరికాళ్ల మంటలు. పగలంతా గంగాధరం మామ బెల్లం గానుగ దగ్గర పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసేది. ఇంటికొచ్చాక కాళ్లకి తడిగుడ్డ చుట్టుకునేది.

"ఇసకలో సెనక్కాయలు ఏపినట్టు ఏపేత్తన్నాయే ఇందూ," అనేది.

అమ్మకి షుగరు. నేను అనకాపల్లిలో బట్టల షాపులో పని చేస్తాను కాబట్టి నెలనెలా ఆస్పత్రి నుంచి మాత్రలు తేవడం నా వంతు. లైనులో ఒక పూట పోతుంది. షాపులో లీవు అడగాలంటే నాకు నోరు రాదు.

కార్తీకమాసంలో ఒకరోజు బస్సులో వస్తూ ఫోనులో ఒక వీడియో చూశాను. ఎన్నేళ్ల నొప్పైనా సరే, పరగడుపున అనాసపండు తింటే నలభై రోజుల్లో పోతుందని తెల్లకోటు వేసుకున్న ఒకాయన చెబుతున్నాడు. మాత్రలతో పనే లేదన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. అమ్మ కాళ్ల కంటే ముందు నాకు ఆస్పత్రి లైను గుర్తొచ్చింది.

మర్నాడే పండు కొని తెచ్చాను. అమ్మ ఒక ముక్క కొరికి కళ్లు మూసేసింది.

"బాబోయ్, పులుపు సంపేత్తందే. కూసింత బెల్లం నంజుకోవచ్చేటి?"

వీడియోలో ఆయన పంచదార వద్దన్నాడు. బెల్లం ఊసెత్తలేదు. మా ఊళ్లో బెల్లాన్ని ఎవరూ తీపి కింద లెక్కపెట్టరు. బాలింతకి బెల్లం, దగ్గుకి బెల్లం, ఎండన పడి వచ్చినవాళ్లకి చెంబుడు నీళ్లతో బెల్లంముక్క. మాకది మందే. అయినా నేను కాసేపు ఆగాను. ఆగిన సంగతి నాకు బాగా గుర్తుంది.

"పంచదారే వద్దన్నాడమ్మా. బెల్లం పర్వాలేదు," అన్నాను.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పళ్లెంలో అనాసముక్కలు, పక్కన నిమ్మకాయంత బెల్లం. మాత్రలు అయిపోయాయి. మళ్లీ తేలేదు. రెండు నెలలు తిరిగేసరికి మంటలు తగ్గాయి. మరో నెలకి పూర్తిగా పోయాయి. తడిగుడ్డ దండెం మీదే ఎండిపోయింది.

పక్కింటి నాగజ్యోతి అక్క నన్ను ఆటపట్టించింది. "ఏటి పిన్నీ, మీ ఇందు డాట్రమ్మ అయిపోనాదంట గదా! బోర్డెప్పుడు కడతాది?"

"ముందు నీ నోటికి మందెయ్యమంతాను," అంది అమ్మ.

నేను సిగ్గుపడ్డాను గానీ లోపల పొంగిపోయాను. అక్క వాళ్లత్తకీ షుగరే, కాళ్ల మంటలే. అక్కకి వీడియో పంపాను. బెల్లం సంగతీ చెప్పాను.

ఒక ఆదివారం అమ్మకి క్యారేజీ పట్టుకుని గానుగకి వెళ్లాను. చెరకు రసం కాచే పెనం దగ్గర ఎవరూ చెప్పులతో ఉండరు. అమ్మ పొయ్యి ముందు నిలబడి గంగాధరం మామతో ఏదో అని నవ్వుతోంది. ఆమె కుడికాలి కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. బూడిదలో నిప్పు ఉంది. అమ్మ దాని మీదే నిలబడింది.

"అమ్మా, కాలు!"

"ఏటే, ఏటైనాది?" అంటూ అమ్మ కంగారుగా నా కాళ్ల వైపు చూసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాలిన అరికాలికీ బొటనవేలికీ కట్టు కట్టింది. తర్వాత అమ్మని కళ్లు మూసుకోమంది. "నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పమ్మా," అని సన్నటి దారంలాంటి దానితో రెండో పాదం మీద పొడవడం మొదలెట్టింది. వేళ్ల మీద, మడమ మీద. నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిది. పది. అమ్మ పరీక్షకి కూర్చున్న పిల్లలా కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"ఇంకా మొదలెట్టనేదేటమ్మా?" అంది.

డాక్టరమ్మ దారం పక్కన పెట్టింది. "నీ నొప్పి తగ్గలేదమ్మా. నొప్పి తెలిసే నరాలు పోయాయి. చాలాకాలంగా పాడవుతూనే ఉండుంటాయి. కానీ షుగరు నాలుగొందలు దాటింది. మాత్రలు ఎందుకు మానేశావు?"

"మంటలు తగ్గిపోనాయని నేనే మానేసేనమ్మా."

"తీపి తింటున్నావా? బెల్లం?"

అమ్మ నా వైపు చూసింది.

"నేదమ్మా, ఉత్త పళ్లే," అంది అమ్మ. చీవాట్లన్నీ తనే తింది. నేను తల దించుకుని అమ్మ చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను. బొటనవేలు ఉంచాలో తీసేయాలో పది రోజులాగి చెబుతామన్నారు.

నాలుగోరోజు సాయంత్రం, కాలు కాలిందని మాత్రమే తెలిసిన నాగజ్యోతి అక్క అమ్మని చూడడానికి మా ఇంటికి వచ్చింది. చేతిలో అనాసపండు.

"మీ డాట్రమ్మ మందే తెచ్చేను పిన్నీ," అని నవ్వింది. "మా అత్తకీ మంటలు పోనాయే ఇందూ. సీమ కుట్టినా తెల్డం నేదంతంది! బెల్లంతోటే పెడతన్నాను, నువ్వు సెప్పినట్టే."

మంచం మీద అమ్మ కదిలింది. నేను మాట్లాడబోతున్నానని ఆమెకి తెలిసిపోయింది.

"ఊరుకోయే," అంది మెల్లగా.

"అక్కా, బెల్లం పర్వాలేదని ఆ వీడియోలో లేదు. నేనే అన్నాను. అమ్మ మూడు నెలలు తింది. మాత్రలు అమ్మ మానెయ్యలేదు, నేనే తేలేదు."

అక్క నవ్వు ఆగిపోయింది. నన్ను చూసింది, అమ్మ కట్టుని చూసింది. చేతిలో పండు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

నేను లేచి మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల విరిచాను.

"పద అక్కా. అత్తని కళ్లు మూసుకోమనాలి."