తాగనోడి తూలుడు

ఆ కట్టుబాటు పెట్టింది నిర్మలాదేవే. వేరేవాళ్ళ మీద నెట్టే వీల్లేదు.

సారా మీద ఆడవాళ్ళు తిరగబడ్డ ఏడు అది. టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊళ్ళోనూ ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా దుకాణం ముందు కూర్చున్నారు. దుకాణం మూతపడింది. అయితే ఇప్పచెట్లు ఎక్కడికి పోతాయి? మగవాళ్ళు అడవిలోకి పోయి ఇప్పసారా తాగి, పట్టపగలే తూలుకుంటూ ఊళ్ళోకి రాసాగారు. అప్పుడు ఆడవాళ్ళ సంఘం మీటింగులో నిర్మల లేచి నిలబడింది.

"తూలుకుంట వీధిలకొచ్చినోణ్ణి రేషన్ షాపు ముందటి గుంజకు కట్టేసి చెప్పుల దండ ఎయ్యాలె. మొగుడైనా సరే, అన్నైనా సరే," అంది.

తండ్రి అనే మాట ఆమె నోట రాలేదు. ఆ మాటతో పని పడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు? ఆమె తండ్రి వెంకటప్పయ్య జన్మలో సారా వాసన ఎరగడు.

ఆ రోజు ఆమె మిరప కల్లంలో కాయలు ఏరుతోంది. చాయ్ హోటలు షుకూర్ భార్య బద్రున్నీసా ఆయాసపడుతూ వచ్చింది. "ఒకాయన దొరికిండు. దండ నువ్వే ఎయ్యాలంటున్నరు. జల్దీ రా," అంది. ఎవరని అడిగితే చెప్పలేదు. నిర్మల చేతుల ఘాటు కొంగుకు తుడుచుకుని హుషారుగా బయల్దేరింది.

గుంజకు కట్టేసి ఉన్నది వెంకటప్పయ్య.

ఆయన రోగం నిరుడు మిరప సాళ్ళలో నడుస్తూ నడుస్తూ పడిపోవడంతో మొదలైంది. ఖమ్మం డాక్టరు హైదరాబాదు పొమ్మన్నాడు. అక్కడి పెద్ద దవాఖానాలో సంగతి తేల్చి చెప్పారు. మెదడు వెనకవైపు మనిషి తూకం నిలబెట్టే భాగం ఎండిపోతూ వస్తోంది. మందు లేదు. నడక పోతుంది, మాట పోతుంది, తెలివి మాత్రం పోదు. నడిచినన్నాళ్ళు నడవనివ్వండి అన్నారు. తిరుగు బస్సులో వెంకటప్పయ్య ఒకటే మాట అన్నాడు: "ఊళ్ళె ఎవ్వలికి చెప్పకుండ్రి. అయ్యో పాపం అనిపిచ్చుకొని నేను బతకలేను." ఎవ్వరికీ చెప్పనని నిర్మల మాటిచ్చింది.

భార్య భారతమ్మకు అదే కావాలి. తలుపు వేసి ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. షుకూర్ హోటల్లో చాయ్ తాగుతూ రేడియో వార్తలు విననిదే పొద్దు గడవని మనిషి, నెలల తరబడి గోడలు చూస్తూ గడిపాడు. ఆవేళ భారతమ్మ పిండి మరకు పోయిన సందు చూసి వీధిలోకి వచ్చాడు. తూలాడు. తాగావా అని ఆడవాళ్ళు అడిగితే నాలుక మడతపడి జవాబు ముద్దగా వచ్చింది. ఇంకేం కావాలి?

సంఘంలో పెద్దది పద్మావతమ్మ. చెప్పుల దండ తెచ్చి నిర్మల చేతిలో పెట్టింది. "రూలు నువ్వు పెట్టిందే, బిడ్డా," అంది. అందరూ నిర్మల మొహమే చూస్తున్నారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే రేపు ఒక్క మగాడైనా ఆ గుంజను లెక్కచేయడు.

వెంకటప్పయ్య తలెత్తాడు. "ఎయ్యి, బిడ్డా," అన్నాడు, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ. "తాగిండనే... అనుకోనియ్యి."

నిర్మలకు ఒళ్ళు మండిపోయింది. తండ్రి మీద, తల్లి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద. జాలి కంటే చెప్పుల దండే నయమని ఈ మనిషి అనుకునేదాకా తలుపులు మూసి పెట్టింది తాము కాదూ? దండ తీసి దూరంగా విసిరేసింది.

"ఎయ్యను, నాయినా. నువ్వు తప్పు చెయ్యలే. నీకు రోగమొచ్చింది. నీకిచ్చిన మాట నేను తప్పుతున్న," అని, గుంజ తాడు విప్పుతూ అందరికీ వినపడేలా మొత్తం చెప్పేసింది. మందు లేదన్న సంగతీ దాచలేదు.

బద్రున్నీసా కళ్ళొత్తుకుంటూ, "అయ్యో," అంది.

"గా మాటనే ఆయనకు పడదు. ఏడిస్తె ఇంటికాడ ఏడ్వుండ్రి," అంది నిర్మల.

"మరేం చెయ్యమంటవే?" అంది పద్మావతమ్మ.

జవాబు వెంకటప్పయ్యే చెప్పాడు. "షుకూర్... హోటలు దాంక... నా కాళ్ళతోని పోవాలె."

పద్మావతమ్మ వీధి పొడవునా చూసింది. ఇంటింటికీ వెదురు దడి ఉంది గానీ, చెయ్యి వేస్తే ఊగే దడులు. "ఎవ్వరి దడికి వాళ్ళు గట్టి గుంజలు పాతి, నడుమెత్తున వెదురు బొంగు అడ్డంగ కట్టాలె. పట్టుకొని పోతడు," అంది. మీటింగు అయిపోయింది.

వారం తిరక్కుండా బొంగులు లేచాయి. ఒక్క ఇంటి ముందు తప్ప. సారా దుకాణం నడిపిన పగిడయ్యకు దడి లేదు, ఖాళీ జాగా. అక్కడ గుంజ పాతనివ్వలేదు. "నా దుకాణం మూయించి నా జాగల కర్రలు పాతుతరా? తాగనోడే గింత తూలితె, నా సారా చేసిన పాపమేంది?" అని అరుగు మీద కూర్చుని నవ్వాడు.

బొంగులు లేచిన మర్నాడు పొద్దున వెంకటప్పయ్య ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు. వద్దని చేయి పట్టుకోబోయిన భారతమ్మను నిర్మల ఆపింది. బొంగు మీద చెయ్యి జరుపుకుంటూ, ఆగుతూ, నడిచాడు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు గానీ ఎవరూ పలకరించలేదు. పగిడయ్య జాగా దగ్గర బొంగు అయిపోయింది. కాస్త దూరంలో బద్రున్నీసా దడి, దాని పక్కనే హోటలు.

చెయ్యి వదిలాడు. కొంతదూరం ఎలాగో తూలుతూ పోయాడు. నడిమధ్యలో బోర్లా పడ్డాడు.

అరుగు మీద పగిడయ్య నవ్వాడు. నిర్మల ఉరికింది. పడ్డవాడు పడ్డట్టే ఉండి వెంకటప్పయ్య అరచెయ్యి ఎత్తాడు, రావద్దని. ఆమె ఆగింది. అలా ఆగడం కంటే కష్టమైన పని ఆమె బతుకులో చేసి ఉండదు. ఉతికిన పంచె దుమ్ములో ఈడ్చుకుంటూ, ఊరంతా చూస్తుండగా, ఆయన మోకాళ్ళ మీద పాకాడు. బద్రున్నీసా దడికి కట్టిన బొంగు అందుకుని, పట్టుకుని లేచాడు. అప్పుడు వెనక్కి తిరిగి అరుగు వైపు చూశాడు.

"రేపు... గూడ... వస్త," అన్నాడు.

పగిడయ్య ఇంట్లోకి పోయాడు.

హోటల్లో షుకూర్ ఎప్పటి బల్లే తుడిచి పెట్టాడు. చేతుల వణుకు చూసి, ఒలకకుండా సగం గ్లాసు చాయ్ పోసి ఇచ్చాడు. వెంకటప్పయ్య గ్లాసు వంక చూసి ముందుకు నెట్టాడు.

"నిండ పొయ్యి."

షుకూర్ నిండా పోశాడు. సగం పంచె మీద ఒలికింది. మిగతా సగం తాగి, వెంకటప్పయ్య రేడియో గట్టిగా పెట్టమన్నాడు.