గోడ కింది మూల

కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు దూకిన ఏడు అది. ఆ ఏటి పత్తి కాలంలో ఒక పొద్దున, మైసయ్య ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లు గోడకు సున్నం పూసి, నిచ్చెన పక్కన కూర్చుని ఆకుపచ్చ రంగు కలుపుతున్నాడు. గాలికి పత్తి నూగు ఎగిరొచ్చి తడి గోడకు అంటుకుంటోంది. లేచి ఒక్కొక్కటే గోటితో తీస్తున్నాడు. ఆ గోళ్ల సందుల్లో ఇరవై ఎనిమిదేండ్ల పచ్చ రంగు. కిరోసిన్‌తో రుద్దినా పోనిది.

లక్ష్మీరాజం ఒకప్పుడు ఒక్క రంగులరాట్నంతో జాతరల వెంట తిరిగినవాడు. ఇప్పుడు ఊరూరా ఎగ్జిబిషన్లు పెడుతున్నాడు. "పేరు సదువరానోడు గూడ చిలుకను జూసి రావాలె, మైసన్నా" అని మొదట్లోనే చెప్పాడు. అప్పటినుంచి టికెట్ల మీద, పిల్లల టోపీల మీద, ఆసిఫాబాద్ నుంచి నిర్మల్ దాకా గోడల మీద అదే చిలుక. ముందు ఎగ్జిబిషన్ పేరు, దాని కింద చిలుక. వీపంతా ఒకే గీత. మైసయ్య కళ్లు మూసుకునైనా వేస్తాడు.

గోడలు రాసేవాళ్లు కింది మూలలో తమ పేరు వేసుకుంటారు. మైసయ్య మొదటి గోడకు భార్య పేరు పెట్టి 'రిబ్క ఆర్ట్స్' అని రాశాడు. లక్ష్మీరాజం దగ్గరుండి తుడిపించాడు. "రెండు పేర్లుంటే జనం కండ్లు రెండు దిక్కుల పోతయే."

మూడు నెలలుగా మంచం మీదున్న రిబ్కమ్మ, ఆ పొద్దున అతను పనికి బయల్దేరుతుంటే అంగీ అంచు పట్టుకుని, కూతురి పేరుతో పిలిచింది.

"మహిమ బాపూ, గియ్యాల నా పేరు రాయి. ఫోన్ల ఫొటో దీస్కరా, సూస్త."

"సేటు ఒప్పుకోడే."

"అడుగుడెందుకు? గింత పిరికోనికి నన్నెట్లిచ్చిండ్రో మావోళ్లు!" నవ్వబోతే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

మధ్యాహ్నానికి చిలుక పూర్తయింది. మైసయ్య రోడ్డు అటూ ఇటూ చూసి, వంగి, మూలలో 'రి' అని రాశాడు. లక్ష్మీరాజం కారు వచ్చి ఆగింది.

"గా మూలకేంది మైసన్నా?"

"ఏం లేదు సేటూ. రంగు సుక్క వడ్డది." అరచేత్తో తానే తుడిచేశాడు.

లక్ష్మీరాజం చిలుకను తృప్తిగా చూశాడు. "మంచిగుంది. వచ్చేసారి సంది అన్ని ఫ్లెక్సీలే. ఇగ నువ్వు జర ఆరాం దీస్కో."

నిచ్చెన దించుతుంటే ఫోన్ మోగింది. "జల్ది రా బాపూ" అంది కూతురు మహిమ.

ఇల్లు చేరేసరికి, చర్చికి కట్టుకునే తెల్లచీర రిబ్కమ్మ మీద కప్పి ఉంది.

"ఫొటో దెచ్చినవా అని రెండుసార్లు అడిగింది" అంది మహిమ.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో కూర్చుని, సమాధికి పెట్టే కర్ర సిలువకు పల్చగా తెల్లరంగు వేశాడు. ఆరాక, డబ్బాలో మిగిలిన పచ్చరంగుతో 'రిబ్కమ్మ' అని రాశాడు. అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఒక్కో అక్షరాన్నీ నెమ్మదిగా దిద్దాడు. చివరి అక్షరం అయిపోయింది; చెయ్యి ఆగలేదు.

"బాపూ! ఏం జేస్తున్నవే?"

ఉలిక్కిపడి కుంచె వదిలేశాడు. కిరోసిన్ గుడ్డతో తుడిచాడు, బ్లేడుతో గీకాడు. కొత్త కర్ర, రంగు లోపలికి పీల్చుకుంది.

అందరూ వెళ్లిపోయాక మట్టికుప్ప తలాపున సిలువ ఒక్కటే మిగిలింది. దాని మీద రిబ్కమ్మ పేరు. పేరు కింద ముక్కు లేని, కన్ను లేని ఒక పచ్చని వీపు.