నలభై చుట్లు

పెట్టెకు కీ ఇవ్వడం రూతమ్మ పని. ఆ పని ఆమెకు ఎవరు అప్పగించారంటే చెప్పడం కష్టం. పాలు కాచడం, లాంతరు చిమ్నీ తుడవడం, అత్తగారికి వేన్నీళ్లు తోడడం ఎవరు అప్పగించారో, ఇదీ వాళ్లే అప్పగించి ఉంటారు. నెలకోసారి ఒంగోలు నుంచి సంఘ మాసపత్రికవాళ్లు కొత్త పాటల ప్లేట్లను గడ్డిలో పొదిగి పార్సిలు పంపేవాళ్లు. ఆ సాయంత్రం ప్రకాశరావు బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, బల్ల ముందుకు కుర్చీ లాక్కుని, కలం మూత తీసి, "పెట్టెకు కీ ఇయ్యి" అనేవాడు. రూతమ్మ చేతికంటిన పిండి కడుక్కుని వచ్చి గ్రామఫోను పక్కనున్న పిడి పట్టుకుని తిప్పేది. స్ప్రింగు ముసలిదైపోయింది. నలభై చుట్లు తిప్పితేగాని పాట తన అసలు వేగం అందుకోదు. ప్లేటు తిరగేస్తే మళ్లీ నలభై. ఈ లెక్క ప్రకాశరావుకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

అసలు ఆ పెట్టె రూతమ్మదే. మార్కాపురం మిషను బంగళా దొరసాని తన దగ్గర హార్మోనియం నేర్చుకున్న ఆడపిల్లలందరిలో పాటకు చెవి ఉన్నది ఈ పిల్లకేనని, స్వదేశం వెళ్లిపోతూ గ్రామఫోను ఆమె చేతికే ఇచ్చిపోయింది. పెళ్లయ్యాక అది ముందుగదిలో బల్లెక్కింది. ఎక్కిన మర్నాటి నుంచి ప్రకాశరావుగారి పెట్టె అయింది. ఇంటికొచ్చినవాళ్లు "ఏది సార్, మీ పెట్టె ఒకసారి పాడించండి" అంటే ఆయన వంటింటివైపు చూసి గొంతు సవరించుకునేవాడు.

ప్రకాశరావు మిషను బడిలో మేష్టరు, సంఘానికి సెక్రటరీ. నాలుగేళ్లుగా ఆ మాసపత్రికలో 'కొత్త ప్లేట్లు' అనే శీర్షిక కింద ఆయన అభిప్రాయాలు పడుతున్నాయి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయినా ఆ శీర్షిక మాత్రం చెక్కుచెదరలేదు. కంభం నుంచి కనిగిరి దాకా ఏ సంఘంలో కొత్త పాట ఎత్తుకోవాలన్నా, ప్రకాశరావుగారు దాని గురించి ఏమన్నారో చూసేవాళ్లు. పాపం, ఆయనకు సంగీతం మాత్రం చెవికెక్కదు. అందరూ మూడో చరణంలోకి వెళ్లిపోయినా ఆయన రెండో చరణంలో నిబ్బరంగా నిలబడి ఉండగలడు. కాబట్టి పాట అయిపోగానే కలం పట్టుకుని, "ఊఁ, ఏమంటావు?" అని అడిగేవాడు.

రూతమ్మ వంటింట్లో రొట్టెలు తడుతూ చెప్పేది. ఆ పది నిమిషాలు ఆమెకు ఒళ్లు తెలిసేది కాదు. ఈ పాట బాగుంది గానీ పాడినాయన దేవుడికి పాడడంలేదు, పక్కన కూర్చున్న విద్వాంసుడికి పాడుతున్నాడు. ఈ పాటకు ఫిడేళ్లు ఎక్కువైనాయి, మాట వినపడడంలేదు. ఇది మాత్రం మనవాళ్లు పాడుకోవచ్చు, చంకలో బిడ్డనెత్తుకున్న తల్లికి కూడా ఊపిరి తీసుకునే చోటుంది. ఆమె తూకం అంతా అక్కడే ఉండేది. పలకల గనిలో ఆరు రోజులు రాయి మోసి, దుమ్ము మింగిన గొంతు ఆదివారం పొద్దున ఎంతవరకు లేస్తుందో ఆ పాట అంతవరకే లేవాలి. లేదంటే అది ఎంత గొప్ప పాటైనా ప్లేటులోనే ఉండిపోతుంది.

సినిమా పాటల మీద కూడా ఆమెకు అభిప్రాయాలున్నాయి. అవి పత్రికకు పనికిరావు. సినిమా పాట సైతాను ద్వారమన్నది ప్రకాశరావు సొంతంగా రాసిన ఒకే ఒక్క వాక్యం, ఆ వాక్యాన్ని ఏటా రెండుసార్లు రాసేవాడు. రూతమ్మేమో నీళ్లకు వెళ్లినప్పుడు బస్టాండు దగ్గరి హోటలు ముందర బిందె ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకునేది. బిందె బరువై కాదు, అక్కడ మోగుతున్న పాటలో చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యం కోసం. ఆ కాసేపు పాట ఊపిరి పీల్చుకుంటుంది. మన కీర్తనల్ని అట్లా పీల్చుకోనివ్వం, తరుముతాం అని ఆమెకనిపించేది. ఆ ఊపిరిని దొంగతనంగా తెచ్చి ఆదివారం హార్మోనియం మీద రెండు చరణాల మధ్య పెట్టేది. ఎవరూ కనిపెట్టలేదు. పాట ఈసారి ఎందుకో హాయిగా ఉందని మాత్రం వెనక వరసలో ఆడవాళ్లు అనుకునేవాళ్లు.

పదహారేళ్లుగా గుడిలో హార్మోనియం ఆమెదే. దానికి జీతం లేదు, దేవుని సేవ అన్నారు. ఇంట్లో చేసేదానికి కూడా ఏదో పేరుంటుంది కదా, అట్లాగే. అయినా ఆ పీటంటే ఆమెకు ప్రాణం. వారం మొత్తంలో ఎవరికీ వడ్డించకుండా ఆమె కూర్చునే చోటు అదొక్కటే. అక్కడి నుంచి చూస్తే అందరి ముఖాలూ కనిపిస్తాయి. వెనక వరసలో కూర్చునే గనికూలి రోశమ్మకు జలుబు చేసిందా, ఆమె చెయ్యి ఒక మెట్టు కిందికి దిగి శ్రుతి పట్టేది. అత్తగారు కోటమ్మకు మాత్రం ఆ పీట కంట్లో నలుసు. "మా కాలంలో ఆడది మగోళ్ల ముందర కూసోని పెట్టె వాయించిందా? నాయనా ప్రకాశం, ఎవురూ ఏమీ అనరని ఎన్నాళ్లు?" అని కొడుకు అన్నం తినేటప్పుడల్లా అడిగేది. ప్రకాశరావు మజ్జిగ పోసుకునేవాడు. ఆ ఏడు కొత్త గుడి కట్టారు. కొత్త గుడికి వేరే జిల్లా నుంచి కూడా పెద్దలు వస్తారు, ముందర మగమనిషి ఉంటే నిండుగా ఉంటుందని పాస్టరు అయ్యగారు మెల్లగా అన్నాడు. పొదిలి నుంచి బదిలీ మీద వచ్చిన యేసుబాబు మేష్టరుకు హార్మోనియం వచ్చునట.

ఆ మాటలు నడుస్తుండగానే రూతమ్మ చెల్లెలి కాన్పుకు గిద్దలూరు వెళ్లింది. ఇరవై రోజులు అక్కడే ఉండిపోయింది. తిరిగివచ్చేసరికి బల్లమీద కొత్త ప్లేటు, దాని పక్కన అచ్చయి వచ్చిన పత్రిక ఉన్నాయి. ఆమె లేకుండానే ఆయన అభిప్రాయం రాశాడన్నమాట. ట్రంకుపెట్టె కూడా దించకుండా, నిలబడే చదివింది.

"ఎస్. రత్నంగారను ఈ పురుషగాయకుని గంభీరస్వరము విన్నవారికి, ఆరాధనను నడిపింపవలసిన కంఠమెట్టిదో బోధపడగలదు. స్త్రీకంఠము అనుసరించుటకేగాని నడిపించుటకు తగదు."

మొత్తం ఒక పేజీ ఉంది. అందులో ఆమె మాట ఒక్కటీ లేదు. ఆమె చెప్పినవి ఆయన ఎప్పుడూ గ్రాంథికంలోకి మార్చేవాడే, ఎండుబావిలో చేద వేసినట్టుంది అంటే నిస్సారము అని రాసేవాడే. ఎంత మార్చినా లోపల తన మాట కదులుతుండేది, పొంగు కింద పాలలాగా. ఇందులో అదేమీ లేదు. రూతమ్మ పత్రిక మడిచి పెట్టి, పిడి పట్టుకుని, అలవాటుగా లోపల లెక్కపెట్టుకుంటూ నలభై చుట్లు తిప్పి, ముల్లు ఆనించింది.

ఆడగొంతు. బరువైన గొంతే, నడివయసు ఆడమనిషిది, కూలిపనికి వెళ్లే ఇళ్లల్లో వినిపించే రకం. నిదానంగా, ఎవరినీ వదిలిపెట్టకుండా పాడుతోంది. ఇంత బాగా పాడిన ప్లేటు నాలుగేళ్లలో రాలేదు. రూతమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఆయన ఎన్ని చుట్లు తిప్పి ఉంటాడు? పదో, పన్నెండో. చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. పాట కుంటుకుంటూ నడిచి, గొంతు బొంగురుపోయి మగవాడిదైంది. దానిమీద ఆయన పేజీ రాశాడు.

సాయంత్రం ఆయనకు మళ్లీ నలభై చుట్లూ తిప్పి వినిపించింది. ప్రకాశరావు ముఖం పాలిపోయింది. కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు. తర్వాత చెప్పాడు. అయ్యగారు ఆ పేజీ చదివి, యేసుబాబును పెట్టుకోవాలని తీర్మానం రాయించాడట. వచ్చే ఆదివారం సంఘసభలో అందరూ చేతులెత్తాలి. అంతకుముందు ఈ పెట్టె గుడికి తెచ్చి, ఆ మగగొంతు ఎట్లా ఉంటుందో అందరికీ వినిపించాలట.

"తప్పయిందని చెప్పండి" అంది రూతమ్మ.

"ఎట్ల చెప్పేది? నాలుగేండ్ల పేరు ఒక్క పూటలో పోతది. పిల్లోళ్లు బళ్లో నవ్వుతారు." ఆయన ఆమె ముఖంలోకి చూడకుండా పిడివైపు చూశాడు. "నువ్వే గదా కీ ఇచ్చేది. ఆ పొద్దు కొంచెం తక్కువ ఇయ్యి. నేను దగ్గుతా, ఆడికి ఆపు."

పదహారేళ్ల కాపురంలో ఆయన ఆమెను బతిమాలడం అదే మొదటిసారి. కోప్పడి ఉంటే కాదనగలిగేదేమో. ఆయన గొంతులో భయం ఉంది, ఆ భయానికి కూడా తనే అన్నం పెట్టాలన్నట్టు ఆమె తలూపింది. ఎందుకు తలూపానని ఆ వారమంతా తననే తిట్టుకుంది. బియ్యం కడుగుతూ తిట్టుకుంది, గేదెకు కుడితి పెడుతూ తిట్టుకుంది. కానీ కాదని చెప్పే మాట నోటిదాకా వచ్చి, ఆయన కనపడగానే వెనక్కి పోయేది.

ఆదివారం ఆరాధన అయ్యాక బల్ల మీద పెట్టె పెట్టారు. రూతమ్మ హార్మోనియం పీట మీద నుంచి లేచి వచ్చి పిడి పట్టుకుంది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. ప్రకాశరావు దగ్గాడు. ఆమె చెయ్యి ఆగింది.

రత్నమ్మో, రత్నకుమారియో, ప్లేటు మీద సగం పేరే ఉన్న ఆ మనిషి మగవాడై పాడింది. రూతమ్మ తన చేత్తోనే చేసింది ఆ పని. వెనక వరసలో రోశమ్మ పాట బాగుందని గొంతు కలపబోయింది, అంత కిందికి దిగలేక నోరు మూసుకుంది. అయ్యగారు తీర్మానం చదివాడు. మగవాళ్ల చేతులు లేచాయి. ఆడవాళ్లు ముందు తమ మగవాళ్ల చేతులు చూసుకుని, ఆ తర్వాత తమవి ఎత్తారు. కోటమ్మ మాత్రం ఎవరినీ చూడకుండానే ఎత్తింది. రూతమ్మ ఎత్తలేదు. ఎత్తలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు కాబట్టి లెక్కలో ఏ తేడా రాలేదు.

మరుసటి ఆదివారం ఆమె వెనక వరసలో చాప మీద కూర్చుంది. యేసుబాబుకు హార్మోనియం బాగానే వచ్చు, మంచివాడు కూడా. తన గొంతుకు సరిపోయే శ్రుతి పట్టుకున్నాడు, తప్పేముంది, ఎవరైనా అదే పట్టుకుంటారు. పాట రెండో పాదానికే ఆడవాళ్ల గొంతులు అంత కిందికి దిగలేక, పైకి ఎక్కలేక పగిలాయి. పల్లవిలో కొందరు, చరణంలో కొందరు మానుకున్నారు. మూడో చరణానికి మగవాళ్ల గొంతులే మిగిలాయి, నిండుగానే ఉంది. రోశమ్మ ఆమె చెవి దగ్గరకు వంగింది.

"ఏందమ్మా, ఇయ్యాల పాట అందడంల్యా. మా గొంతులు పోయినట్టుండాయి."

 రూతమ్మ పీట పోయినందుకు ఏడవలేదు గానీ ఆ మాటకు ఏడుపొచ్చింది. గొంతు తమదే పోయిందనుకుంటోంది ఈమె. రేపటి నుంచి గనిలో, బావి దగ్గర, అందరూ అదే అనుకుంటారు. ఒకరికొకరు అదే చెప్పుకుని, చాప మీద బుద్ధిగా కూర్చుంటారు. ఆ బుద్ధి నేర్పిన పన్నెండు చుట్లు తిప్పింది తనే.

గురువారం పార్సిలు వచ్చింది. ప్రకాశరావు కాళ్లు కడుక్కుని, కుర్చీ లాక్కుని, కలం కోసం వెతికాడు. కలం వంటింట్లో ఉంది. రూతమ్మ పీట వేసుకుని, తిరగేసిన చేట మీద పోస్టుకార్డు పెట్టుకుని రాస్తోంది. ఆయన నుంచి గ్రాంథికం ఏమీ అరువు తెచ్చుకోలేదు. కవరు కూడా కావాలనే వాడలేదు. కార్డయితే పోస్టుమాస్టరు దగ్గర నుంచి దారిలో అందరూ చదువుకోవచ్చు.

"పెట్టెకు కీ ఇయ్యి" అన్నాడు ఆయన ముందుగదిలోంచి.

"నలభై చుట్లు తిప్పాల, మీరే తిప్పుకోండి" అంది ఆమె, తల ఎత్తకుండా.  అత్తగారు మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది. రూతమ్మ చివరి వాక్యం రాసి, సిరా ఆరేదాకా ఊది, ఒకసారి మొదటి నుంచి చదువుకుంది.

"సంపాదకులు అయ్యగారికి నమస్కారాలు. పోయిన నెల మీరు వేసిన అభిప్రాయం తప్పు. పెట్టెకు కీ చాలక పాట నెమ్మదించి గొంతు మారింది. మా గుడిలో అందరి ముందర కూడా కీ తక్కువ ఇచ్చి వినిపించినాము, ఇచ్చింది నేనే, అందుకు సిగ్గుపడుతున్నాను. ఆ ప్లేటులో పాడింది ఆడమనిషి. నాలుగేళ్లుగా మీ పత్రికలో ఈ అభిప్రాయాలు చెప్పింది కూడా ఆడమనిషే. ఇట్లు, రూతమ్మ, మార్కాపురం."