అమ్మ గదికి ఆరు వైరు

ఇంట్లో వైరింగంతా మార్చాలని కొడుకు పట్టుబట్టాడు. పాత వైర్ల తొడుగు పెళుసెక్కి, స్విచ్చిబోర్డు విప్పితే చాలు పొట్టులా రాలుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి గదిగదికీ తిరుగుతూ ఒకటే మాట అడిగాడు.

"ఇక్కడ ఏమేం నడుపుతారు సార్? అది తెలిస్తేగానీ వైరు సైజు చెప్పలేను."

కొడుకు తడుముకోకుండా చెప్పుకుపోయాడు. హాల్లో కొత్తగా ఏసీ పెట్టాలి, దానికి నాలుగు ఎంఎం వైరు. వంటగదిలో ఓవెను, మిక్సీ, ఫ్రిజ్జు. చివరి గది గుమ్మం దగ్గర మాత్రం లోపలికి తొంగి కూడా చూడలేదు.

"ఇది మా అమ్మ గది. ఒక లైటు, ఒక ఫ్యాను. ఒకటిన్నర వైరు చాలు."

మంచం మీద దుప్పటి మడతపెడుతున్న తల్లి తలెత్తింది. "నన్నడగవేంరా?"

"ఏం కావాలమ్మా? టీవీయా?"

"బట్టీ."

"బట్టీనా!"

"కరెంటు బట్టీ. పింగాణీ కాల్చేది. చిన్నదేలే, స్టూలంత ఉంటుంది."

తల్లి పింగాణీ ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. కప్పుల అంచులకు నీలంగీత గీయడం ఆమె పని.

"అన్నేళ్లు చేశావు, ఇంకా తనివి తీరలేదా?"

"నేను చేసిందేముందిరా? ఎవరో చేసిన కప్పు నా ముందుకొచ్చేది. గీత గీసి పక్కకు జరిపేదాన్ని. ఒక్కటంటే ఒక్కటి నా చేత్తో చేసి కాల్చుకున్నది లేదు."

ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకున్నాడు. "ఎన్ని వాట్లమ్మా అది?"

"మూడు వేలు. పొద్దున పెడితే సాయంత్రం దాకా నడవాలి."

"అవన్నీ నీకెలా తెలుసు?" అన్నాడు కొడుకు.

వాళ్ల వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ కోడలు నవ్వాపుకుంటూ గోడవైపు తిరిగింది. "ఇద్దరం దుకాణానికెళ్లి కనుక్కొచ్చామండీ. అత్తయ్య చెప్పొద్దన్నారు."

ఎలక్ట్రీషియన్ ఆలోచించాడు. "మీటరు ఆ చివర, గది ఈ చివర. పైపు డాబా మీద ఎండలో రావాలి. గంటల తరబడి ఆగకుండా లాగే లోడు కదా, నాలుగు వేస్తే వేడెక్కుతుంది. ఆరు వేద్దాం. కానీ సార్, మీటరు దగ్గరి మెయిను వైరు ఏసీనీ బట్టీనీ కలిపి మోయలేదు. లోడు పెంచమని కరెంటాఫీసులో అర్జీ పెట్టాలి. అది తేలేదాకా రెంట్లో ఒక్కటే."

"అయితే ఏసీయే పెట్టుకోండి. నాదేం తొందర?" అంటూ తల్లి మళ్లీ దుప్పటి అందుకుంది.

ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసరికి కొడుకు మనసు చివుక్కుమంది. అతని చదువప్పుడూ, పెళ్లప్పుడూ, పిల్లలు పుట్టినప్పుడూ ఆమె ఇదే మాట అంది. ప్రతిసారీ నిజమే కాబోలనుకున్నాడు. అలా అనుకోవడమే హాయిగా ఉండేది మరి.

"ముందు ఈ గదికి ఆరు వైరు లాగు" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో. "ఏసీ సంగతి తర్వాత."

పని పూర్తయింది. గది మూల పెద్ద సాకెట్టు, దానికి విడిగా ఒక ఎంసీబీ స్విచ్చి. ఇక కొడుక్కే కాలు నిలవడం లేదు. బట్టీ ఎప్పుడు తెద్దామని రోజూ అడుగుతున్నాడు.

"ఉండరా, ముందు చెయ్యి తిరగనీ" అంటుంది తల్లి.

ఎండలు ముదిరాయి. ఏసీ లేని హాల్లో ఉక్క భరించలేక అతను తల్లి గదిలోకొచ్చి కిటికీ కింద కూలబడ్డాడు. ఆమె పీట మీద తడిమట్టితో కప్పు చేస్తోంది. అది ఒక పక్కకు ఒరిగింది.

"బాగానే ఉందిగా" అన్నాడు.

"ఏం బాగు, నీ మొహం!" అని దాన్ని నలిపి ముద్ద చేసి, మళ్లీ మొదలుపెట్టింది.